పిడికిలి చరిత్ర – 11: అందరిలోకీ మేటి ఎవరు?

గత భాగంలో కోడి రామమూర్తి నాయుడు గారి కథ చెప్పుకున్నాం. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగును మోసి, కలియుగ భీముడు అనిపించుకున్న మనిషి ఆయన. అది అచ్చయిన వారానికే కారంచేడు నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. "కుస్తీ సంగతి బాగుందండీ, మరి బాక్సింగ్ మాటేంటి? మా టీకొట్టు దగ్గర నెల రోజులుగా ఒకటే వాదన. పెద్దాయన అలీ అంటాడు. నా ఈడువాళ్ళం టైసన్ అంటాం. కుర్రాళ్ళు మేవెదర్ పేరు తప్ప ఇంకోటి ఒప్పుకోరు. ఒకసారి వచ్చి తేల్చిపెట్టండి" అన్నారు.

ఫోన్లో తేలే వ్యవహారం కాదనిపించి, ఆదివారం పొద్దున్నే చీరాలలో బస్సు దిగి పర్చూరు దారి పట్టాను.

బాక్సింగ్‌కీ కారంచేడుకీ ఏమిటి సంబంధం అని అనుకోవద్దు. నిర్మాత దగ్గుబాటి రామానాయుడు గారి సొంతూరు ఇది. ఆయన కొడుకు వెంకటేష్ 2017లో 'గురు' సినిమాలో బాక్సింగ్ కోచ్‌గా వేశాక ఈ చుట్టుపక్కల కుర్రాళ్ళకి జాబ్, హుక్, అప్పర్‌కట్ లాంటి మాటలు నోటికి వచ్చేశాయి. 2022లో 'లైగర్'లో సాక్షాత్తూ మైక్ టైసనే తెర మీద కనిపించాడు. ఇక వాదనకు కొదవేముంది!

నేను వెళ్ళేసరికి డిగ్రీ చదివే కుర్రాడొకడు ఫోన్ చేతిలో పెట్టుకుని లెక్క చెబుతున్నాడు. "మేవెదర్ 50 ఆడాడు, 50 గెలిచాడు. ఓటమే లేనివాడి కంటే గొప్పవాడు ఎవరుంటారండీ?" నాకు ఫోన్ చేసినాయన ఊరుకోలేదు. "ఇరవయ్యేళ్ళకే హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు టైసన్. అంత చిన్న వయసులో ఇంకెవడయ్యాడో చూపించు." ఆ మాట నిజమే. 1986 నవంబరు 22న ట్రెవర్ బెర్బిక్‌ని రెండో రౌండులోనే పడగొట్టినప్పుడు టైసన్‌కి ఇరవై ఏళ్ళ నాలుగు నెలలు. ఆ రికార్డు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు.

కుర్రాడి లెక్కను మాత్రం కొంచెం విప్పి చూడాలి. మేవెదర్ 50వ ఆట 2017లో కానర్ మెక్‌గ్రెగర్‌తో. అప్పటిదాకా మెక్‌గ్రెగర్ వృత్తి బాక్సింగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు, అతనిది వేరే పోరాట క్రీడ. 49 ఆడి 49 గెలిచి 1956లో తప్పుకున్న రాకీ మార్సియానో ఉన్నాడు. అతను ఓడించిన పెద్ద పేర్లలో ముప్పై ఏడేళ్ళ జో లూయీ ఒకడు. లూయీ అప్పటికే ఒకసారి ఆట మానేసి అప్పులు తీర్చుకోవడానికి తిరిగొచ్చినవాడు. ఓటమి లేకపోవడం గొప్పే. ఎదురుగా నిలబడింది ఎవరు, ఏ వయసులో నిలబడ్డారు అన్నది కూడా చూస్తేనే ఆ గొప్ప ఎంతో తెలుస్తుంది.

అప్పటిదాకా బల్ల మీద చివర కూర్చుని వింటున్న ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. ఒంగోలు గిత్తలు పెంచి, బండ లాగుడు పందాలకి ఊరూరా తిప్పిన మనిషని తర్వాత తెలిసింది.

"ముందు ఏ పళ్ళ విభాగమో చెప్పండ్రా అబ్బాయిలూ. ఆరుపళ్ళ జతనీ పాలపళ్ళ జతనీ ఒకే బండకి కట్టి, ఏది గొప్పదో చెప్పమంటే ఎవడు చెప్తాడు?"

ఇంగ్లీషులో ఈ వాదన మీద ఎన్నో పుస్తకాలు వచ్చాయి. ఇంత సూటిగా విషయంలోకి తీసుకెళ్ళిన మాట నాకు వాటిలో దొరకలేదు.

ఈ పందాలు చూడని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. పందెం మొదలయ్యేముందు గిత్త పెదవి పైకెత్తి పళ్ళు చూస్తారు. పాలపళ్ళు ఇంకా ఊడనివి ఒక విభాగం. ఆ తర్వాత రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, పైన సీనియర్లు. ఎడ్లకి పై దవడలో ముందు పళ్ళుండవు, కింది పళ్ళే లెక్క. జత జతగా ఊడి కొత్తవి వస్తుంటాయి కాబట్టి నోరే జన్మపత్రిక. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. నిర్ణీత సమయంలో జత ఎంత దూరం లాగిందో టేపు పెట్టి అడుగులూ అంగుళాలూ రాస్తారు. పళ్ళ దగ్గర అనుమానం వస్తే మైకులో అభ్యంతరం, మళ్ళీ పరీక్ష. ఆ ఒక్క విషయంలో ఎవరూ ఎవరికీ మొహమాటపడరు.

బాక్సింగ్‌లో పళ్ళకు బదులు తూకం. గ్లోవ్స్, మూడు నిమిషాల రౌండు, పది అంకెల లెక్క, ఇవన్నీ 1867 నాటి క్వీన్స్‌బెరీ నిబంధనలతో వచ్చాయి. ఆ తర్వాత తూకం విభాగాలు ఒక్కొక్కటే స్థిరపడి చాలాకాలం ఎనిమిదే ఉండేవి. ఫ్లైవెయిట్ 112 పౌండ్లు, అంటే సుమారు 51 కిలోలు. అక్కడ మొదలై పైన హెవీవెయిట్. ఎనిమిది విభాగాలకి ఎనిమిది మంది ప్రపంచ చాంపియన్లు, అంతే. ఇవాళ వృత్తి బాక్సింగ్‌లో కనీసం పదిహేడు విభాగాలున్నాయి, బెల్టులిచ్చే పెద్ద సంస్థలు నాలుగున్నాయి. ఒకే తూకంలో ఒకే రోజున నలుగురు ప్రపంచ చాంపియన్లు ఉండే వీలుంది. మానీ పాక్వియావ్ ఎనిమిది విభాగాల్లో టైటిళ్ళు గెలిచాడు, అసామాన్యమైన పని. కానీ 1938లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకే సమయంలో మూడు తూకాల చాంపియన్‌గా నిలిచినప్పుడు మొత్తం ఉన్న కిరీటాలే ఎనిమిది. ఎనిమిదిలో మూడు ఒక్కడి నెత్తిన! ఆ రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడు నా తూకం ఆర్మ్‌స్ట్రాంగ్ వైపే మొగ్గుతుంది.

పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు. "బండ ఒకటే అయినా నేల ఒకటి కాదు. తడి నేల మీద లాగిన వంద అడుగులూ పొడి నేల మీద లాగిన వంద అడుగులూ ఒకటేనా?" కాదు. 1982 నవంబరులో కొరియా బాక్సర్ దుక్ కూ కిమ్ లాస్ వేగస్‌లో రే మాన్సినీతో ఆడుతూ 14వ రౌండులో పడి, ఆట ఆపాక స్పృహ తప్పి, మళ్ళీ తేరుకోకుండానే చనిపోయాడు. ఆ తర్వాతే ప్రపంచ టైటిల్ పోటీలు పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకి తగ్గాయి. ఆ చివరి మూడు రౌండ్లలో గెలుపోటములు తారుమారైన ఆటలు ఎన్నో ఉన్నాయి. 1923లో మిడిల్‌వెయిట్ చాంపియన్ అయిన హారీ గ్రెబ్ సంగతి ఇంకా చిత్రం. ఒక కన్ను పోయినా ఆ విషయం దాచి ఆడాడు. జీన్ టనీని ఓడించిన ఒకే ఒక్కడు అతను. అతని ఆటల ఫిల్ము మాత్రం చూద్దామన్నా దొరకదు. కళ్ళతో చూడనివాణ్ణి ఎక్కడ నిలబెడతాం?

మరి తూకాలు వేరైనవాళ్ళని పోల్చేదెలా? తూకానికి తూకం చూసి, అందరూ ఒకే బరువైతే ఎవరు నెగ్గేవారు అని ఊహించడమే దారి. ఈ పద్ధతి అంతకుముందూ ఉంది గానీ దాన్ని లోకమంతా వాడే మాటగా చేసింది ఒక్క మనిషి ఆట. ఆయన్ని చూశాక అమెరికా పత్రికల వాళ్ళకి వేరే కొలత లేకపోయింది. ఆ మనిషి షుగర్ రే రాబిన్సన్. కారంచేడు టీకొట్టు దగ్గర ఒక్కరి నోటా ఆ పేరు రాలేదు.

అసలు పేరు వాకర్ స్మిత్. 1921 మే 3న జార్జియా రాష్ట్రంలో పుట్టి, న్యూయార్క్ హార్లెంలో పెరిగాడు. పోటీల్లో ఆడటానికి వయసు చాలక, రే రాబిన్సన్ అనే ఇంకో కుర్రాడి గుర్తింపు కార్డు పట్టుకుని బరిలోకి దిగాడు. కార్డు మీది పేరే జీవితాంతం నిలిచిపోయింది. 1940లో వృత్తిలోకి వచ్చి 1965 దాకా ఆడాడు. పాతికేళ్ళు, సుమారు రెండు వందల ఆటలు, 170కి పైగా గెలుపులు, అందులో నూటికి పైగా నాకౌట్లు.

మొదటి 40 ఆటలు వరసగా గెలిచాడు. 1943 ఫిబ్రవరి 5న జేక్ లమోటా చేతిలో ఓడాడు. ఇవాళ్టి పెద్ద బాక్సర్లయితే ఒక ఓటమి తర్వాత ఏడాది పాటు కనిపించరు. రాబిన్సన్ అదే నెల 26న అదే లమోటాతో మళ్ళీ ఆడి గెలిచాడు. ఆ మధ్యలో ఇంకొకడితోనూ ఆడి గెలిచాడు. మూడు వారాల్లో మూడు పెద్ద ఆటలు. లమోటాతో మొత్తం ఆరుసార్లు తలపడ్డాడు, అయిదుసార్లు నెగ్గాడు. ఆ ఒక్క ఓటమి తర్వాత ఎనిమిదేళ్ళకు పైగా, 1951 జూలైలో లండన్‌లో రాండీ టర్పిన్ ఓడించేదాకా, ఆయన్ని ఓడించినవాడు లేడు. రెండు నెలలకే టర్పిన్ దగ్గర్నుంచి కిరీటం వెనక్కి తీసుకున్నాడు.

నేను ఆయన్ని మేటి అనడానికి కారణం ఈ అంకెలు కాదు, రెండు ఆటలు.

మొదటిది 1952 జూన్ 25, న్యూయార్క్ యాంకీ స్టేడియం. మిడిల్‌వెయిట్ చాంపియన్‌గా ఉన్న రాబిన్సన్ పైమెట్టు లైట్ హెవీవెయిట్ చాంపియన్ జోయీ మాక్సిమ్ మీదకు వెళ్ళాడు. ఎదుటివాడు తనకంటే పదిహేను పౌండ్లకు పైగా బరువు. రాత్రి ఆట, అయినా దీపాల కింద 104 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి. రోహిణి కార్తె ఎండలో మన బాపట్ల ఇసుక మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకి ఆ వేడి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. పదో రౌండయ్యేసరికి రిఫరీయే నిలబడలేకపోయాడు, ఇంకొకర్ని దింపారు. రాబిన్సన్ ఆడుతూనే ఉన్నాడు, జడ్జీలందరి లెక్కలోనూ ముందున్నాడు. పదమూడో రౌండులో విసిరిన గుద్దు తగలక తనే ముందుకు పడిపోయాడు. గంట కొట్టాక మూలకు మోసుకెళ్ళారు. పద్నాలుగో రౌండుకి లేవలేకపోయాడు. ఆయన ఆటల్లో మధ్యలో వదిలేసింది అదొక్కటే. వదిలేయించింది మాక్సిమ్ కాదు, వేడి.

రెండోది 1957 మే 1, షికాగో. అప్పటికి రాబిన్సన్‌కి ముప్పై ఆరేళ్ళు నిండటానికి రెండే రోజులు తక్కువ. జనవరిలో జీన్ ఫుల్మర్ అనే మొండివాడు ఆయన్ని ఓడించి కిరీటం లాక్కున్నాడు. ఫుల్మర్‌ని అంతవరకూ ఎవరూ నాకౌట్ చేయలేదు. అయిదో రౌండు. ఆ ఫిల్ము దొరికితే నెమ్మదిగా తిప్పి చూడండి. రాబిన్సన్ వెనక్కి నడుస్తుంటాడు. వెనకడుగు వేసేవాడి చేతిలో బలముండదని అందరి నమ్మకం. ముందు కుడిచేత్తో పొట్ట మీద కొట్టాడు. ఫుల్మర్ చేతులు ఒక్క వేలెడు కిందికి దిగాయి. అంతే. ఎడమ హుక్ గడ్డం చివర తగిలింది. చేయి ఎంతో దూరం కదల్లేదు, భుజం, నడుం, మడమ ఒకేసారి తిరిగాయి. ఫుల్మర్ లేవబోయి లేవలేకపోయాడు. ఏం జరిగిందో తనకి తెలియలేదని తర్వాత అతనే చెప్పాడు. బాక్సింగ్ నేర్పేవాళ్ళు నేటికీ ఆ గుద్దును పాఠంగా చూపిస్తారు. వెనక్కి నడుస్తూ, పొట్టకు వల వేసి, తల దగ్గర పట్టిన ఆ ఒక్క క్షణంలో ఆ విద్య మొత్తం ఉంది.

ఆయన చేతి బలానికి ఇంకో ముఖం కూడా ఉంది. దాన్ని దాచి ఆయన్ని పొగడటం న్యాయం కాదు. 1947 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లో జిమ్మీ డాయిల్‌తో ఆటకు ముందు రాత్రి, తన దెబ్బకు డాయిల్ చనిపోయినట్టు రాబిన్సన్‌కి కల వచ్చింది. ఆడనని మొండికేశాడు. అందరూ నచ్చజెప్పి బరిలోకి పంపారు. ఎనిమిదో రౌండులో ఎడమ హుక్ తగిలి పడ్డ డాయిల్ మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. తర్వాతి ఆటల డబ్బు డాయిల్ తల్లికి ఇచ్చాడు రాబిన్సన్. అలాంటి రుణం డబ్బుతో తీరేది కాదని ఆయనకూ తెలుసు.

ఇక్కడిదాకా చెప్పేసరికి టీకొట్టు కుర్రాడు ఫోన్ పక్కన పెట్టి అడిగాడు. "అంటే రికార్డులున్నవాళ్ళ సంగతి చెప్పారు. అసలు ఆడనివ్వని వాళ్ళుంటే?"

మంచి ప్రశ్న. ఈ భాగం రాయడానికి కారణమైన ప్రశ్న కూడా అదే.

అమెరికాలో హెవీవెయిట్ కిరీటం చాలా ఏళ్ళు తెల్లవాళ్ళ సొత్తు. గ్లోవ్స్ యుగం తొలి చాంపియన్ జాన్ సలివాన్ నల్లవాళ్ళతో ఆడనని బాహాటంగా ప్రకటించాడు, అలాగే ఆడలేదు కూడా. 1908 డిసెంబరు 26న సిడ్నీలో జాక్ జాన్సన్ ఆ గోడ బద్దలు కొట్టి తొలి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. 1910 జూలై 4న జిమ్ జెఫ్రీస్‌ని ఓడించినప్పుడు అమెరికా ఊళ్ళల్లో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి, మనుషులు చనిపోయారు. ఆ ఆట ఫిల్ము జనం చూడకూడదని 1912లో చట్టమే చేశారు. మరుసటి ఏడు జాన్సన్‌ని కేసులో ఇరికించి శిక్ష వేశారు. ఆ శిక్షకు క్షమాభిక్ష వచ్చింది 2018లో, ఆయన పోయిన 72 ఏళ్ళకి.

ఇందులో మనసుని కలచే సంగతి ఇంకోటుంది. శామ్ లాంగ్‌ఫోర్డ్ అనే ఒక నల్లజాతి బాక్సర్ ఉండేవాడు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి. లైట్‌వెయిట్ నుంచి హెవీవెయిట్ దాకా అన్ని తూకాల్లోనూ ఆడాడు. తెల్ల చాంపియన్లు ఆయనకి టైటిల్ ఆట ఇవ్వలేదు. జాన్సన్ 1906లో ఆయన్ని ఓడించాడు గానీ, కిరీటం వచ్చాక మళ్ళీ ఒక్కసారి కూడా ఆయనతో తలపడలేదు. తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి వెళ్ళినవాడు తన వెనక గడియ పెట్టేశాడు. లాంగ్‌ఫోర్డ్ కంటిచూపు పోయింది. 1944లో ఒక పత్రికా విలేఖరి వెతుక్కుంటూ వెళితే హార్లెంలో ఒక చీకటి గదిలో చేతిలో చిల్లరతో కనిపించాడు. విలేఖరి రాసింది చదివి జనం చందాలు పోగుచేసి పంపారు. రికార్డు పుస్తకంలో ప్రపంచ చాంపియన్ల పేజీలో ఆయన పేరుండదు. నా పట్టికలో మొదటి అయిదుగురిలో ఉంటుంది.

కారంచేడులో కూర్చుని, ఎవరిని రానిచ్చారు, ఎవరిని వెలిగా ఉంచారు అని మాట్లాడుతూ 1985 ఊసెత్తకుండా లేచి రావడం నావల్ల కాదు. ఆటతో పోల్చడానికి కాదు. అది ఆట కాదు, ఊచకోత. ఆ ఏడు జూలై 16 సాయంత్రం మాదిగపల్లె వాళ్ళు తాగునీళ్ళు పట్టుకునే చెరువు దగ్గర పెత్తందారీ కులం కుర్రాళ్ళు గేదెల కుడితి మురికి నీళ్ళలో కలుపుతుంటే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం తిరిగింది. కొట్టబోతే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్ళు పరిగెత్తి చీరాల చేరారు. సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ ఏర్పడింది. కేసు కోర్టుల్లో నలిగి నలిగి సుప్రీంకోర్టు చివరి తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు.

టీకొట్టు దగ్గర ఈ మాట వచ్చినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు మాత్రం, "అలీకి కూడా హోటల్లో తిండి పెట్టలేదంట కదండీ?" అన్నాడు.

అవును. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచి సొంతూరు లూయివిల్ తిరిగొచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి అక్కడి హోటల్లో భోజనం పెట్టలేదు. ఆ కోపంతో పతకాన్ని ఒహాయో నదిలో విసిరేశానని అలీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. కాదు, ఎక్కడో పోగొట్టుకున్నాడు అన్నవాళ్ళున్నారు. పతకం ఎక్కడ పోయినా, తిండి పెట్టకపోవడం మాత్రం నిజం. నీళ్ళ దగ్గర ఒకచోట, కూటి దగ్గర ఒకచోట. ఆ రెండు చోట్లా ఎత్తిన చేయి ఎందుకు లేచిందో కారంచేడు పిల్లాడికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

1964లో సోనీ లిస్టన్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడు అలీ. 1967 ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని చెప్పాడు. టైటిల్ పీకేశారు. అయిదేళ్ళ జైలు, పది వేల డాలర్ల జరిమానా వేశారు. అప్పీలు మీద బయట ఉన్నాడు గానీ 1970 అక్టోబరు దాకా ఎక్కడా ఆడనివ్వలేదు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8–0తో ఆ శిక్ష కొట్టేసింది. పాతికేళ్ళ నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ దాకా, ఒక హెవీవెయిట్ కాళ్ళు అన్నిటికంటే వేగంగా కదిలే వయసది. ఆ మూడున్నరేళ్ళ అలీని ఎవరూ చూడలేదు. మనం గొప్పగా చెప్పుకునే కిన్షాసా, మనీలా ఆటల్లో ఉన్నది కాళ్ళు నెమ్మదించిన అలీ. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్ ముందు తాళ్ళకి ఆనుకుని దెబ్బలు కాచుకుని ఎనిమిదో రౌండులో తిరగబడ్డాడంటే, ముందులా తప్పుకుంటూ తిరిగే కాళ్ళు లేకపోవడమే ఆ ఎత్తుకు మూలం.

మన నేల మీదకీ వచ్చాడు అలీ. 1980 జనవరిలో భారతదేశం వచ్చి, 27న ఢిల్లీలో మన హెవీవెయిట్ కౌర్ సింగ్‌తో ప్రదర్శన ఆట ఆడాడు. ఆ కౌర్ సింగ్ రెండేళ్ళకి ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం గెలిచాడు. మద్రాసు నెహ్రూ స్టేడియంలో పాత మిత్రుడు జిమ్మీ ఎల్లిస్‌తో ఆడాడు, ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. వచ్చి చూశారు. ఆ పర్యటనలో ఉండగానే అమెరికా అధ్యక్షుడు కార్టర్ కబురు పెడితే, మాస్కో ఒలింపిక్స్ బహిష్కరణకు మద్దతు అడగడానికి ఇక్కడి నుంచే ఆఫ్రికా వెళ్ళాడు. మా మేనమామ ఆ రోజుల్లో పేపర్లో వచ్చిన అలీ ఫోటో కత్తిరించి మైదాపిండి ఉడికించిన జిగురుతో దేవుడి పటాల పక్కన అంటించాడు. అమ్మమ్మ తిట్టింది గానీ పీకేయలేదు. సున్నం వేసినప్పుడల్లా ఆ ముక్క చుట్టూ వదిలి వేసేవారు.

మన తెలుగువాళ్ళ మాటకొస్తే ఈ తగువు కాగితాల్లో కాదు, బరిలోనే జరిగింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. బాక్సింగ్ నేర్పినవారు ఆ ఊరి కోచ్ షంషుద్దీన్. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. అంతకుముందే విశాఖ నుంచి ఎన్. ఉష దేశానికి పతకాలు తెచ్చి 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. కానీ నిఖత్ ముందున్నది మేరీ కోమ్. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్, ఒలింపిక్ పతక విజేత. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకి పరీక్ష ఆట లేకుండానే మేరీని పంపే సూచనలు కనిపించాయి. నిఖత్ ఊరుకోలేదు. నాకు న్యాయమైన పరీక్ష కావాలని క్రీడల మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. ఈ నిఖత్ ఎవరు అని మేరీ అడిగింది. దేశమంతా ఈ పిల్లకి ఎంత పొగరు అన్నవాళ్ళున్నారు. డిసెంబరు 28న ఢిల్లీలో ఆట పెట్టారు. 9–1తో మేరీ గెలిచింది, చేయి కలపకుండా వెళ్ళిపోయింది.

ఈ కథ విని గిత్తల పెద్దాయన తల ఊపాడు. "జత కట్టి లాగించండి అందిగా. అంతకంటే ఏం కావాలి?" అన్నాడు.

ఆ ఓటమి తర్వాత రెండున్నరేళ్ళకి, 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి జిట్‌పాంగ్ మీద 5–0తో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. 2023 మార్చిలో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేక, రెండో ఆటలోనే చైనా మేటి వూ యూ ఎదురై ఓడింది. మేరీ, నిఖత్‌లలో ఎవరు గొప్ప అంటే రికార్డులో మేరీయే, సందేహం లేదు. తెలుగు నేల మీద పుట్టిన బాక్సర్లలో నిఖత్‌కి సాటి వచ్చేవాళ్ళు ఇంతవరకూ లేరు, అందులోనూ సందేహం లేదు.

ఇక అడిగారు కాబట్టి నా తీర్పు. చేతిలో విద్యని బట్టి చూస్తే అందరిలోకీ మేటి షుగర్ రే రాబిన్సన్. ఆ తర్వాత హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్, శామ్ లాంగ్‌ఫోర్డ్, ముహమ్మద్ అలీ, జో లూయీ. మేవెదర్ పదిలోపు ఉంటాడు. టైసన్ ఉండడు, మూడేళ్ళ పిడుగు అది, ఎక్కువకాలం నిలవలేదు. 1960లో రోమ్ వెళ్ళేముందు పద్దెనిమిదేళ్ళ అలీ హార్లెంలో రాబిన్సన్ హోటల్ ముందు గంటల తరబడి నిలబడి, ఆయన దర్శనం కోసం ఎదురుచూశాడు. రాబిన్సన్ పెద్దగా పట్టించుకోలేదు. అయినా తనకంటే గొప్పవాడు రాబిన్సన్ ఒక్కడేనని అలీ చివరిదాకా చెబుతూనే వచ్చాడు. లోకానికి తానే గొప్ప అని చాటుకున్న మనిషి చెప్పిన మాట అది.

టీకొట్టులో అలీ పక్షం పెద్దాయన ఒప్పుకోలేదు. "మీ రాబిన్సన్ ఉద్యోగం చేశాడు, మా అలీ ఎదురు తిరిగాడు" అంటూ లేచి వెళ్ళిపోయాడు. ఆయన మాట కొట్టిపారేయలేను. నా మాట మార్చుకోనూ లేను.

పాఠకులకు ఒక మనవి. 1980లో మద్రాసు నెహ్రూ స్టేడియంలో అలీ ఆట చూడటానికి చీరాల, బాపట్ల, తెనాలి, రేపల్లె వైపు నుంచి రైలెక్కి వెళ్ళినవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉండవచ్చు. ఇప్పుడు వాళ్ళకి అరవై, డెబ్బై దాటి ఉంటాయి. వాళ్ళని అడిగి, గుర్తున్నది రాసి పంపండి. టిక్కెట్టు ముక్కో, ఫోటోనో ఉంటే దాని నకలు చాలు, అసలు మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి. వచ్చినవన్నీ పేర్లతో సహా ఈ శీర్షికలో వేస్తాం.